ఎడమచేతి కామ

మా చర్చి వెనక ఒక రేకుల గది ఉండేది. అందులో విరిగిన బెంచీలు, క్రిస్మస్ నక్షత్రం వెదురు చట్రం, ఒక మూలన గోడకు ఆనించిన పనిముట్లు ఉండేవి: పారలు, గుద్దలి, గడ్డపార, ఒక చెమ్మస్. చెమ్మస్ అంటే గనిలో బొగ్గు ఎత్తిపోసే వెడల్పాటి ఇనుప పార. సంఘంలో ఎవరైనా చనిపోయినప్పుడే ఆ గది తలుపు తెరిచేవారు. తాళంచెవి మా ఇంట్లో, వాక్యాల క్యాలెండర్ వేలాడే మేకుకు ఉండేది. దానికోసం ఎవరైనా గుమ్మంలోకి వచ్చి నిలబడితే, వాళ్లు నోరు తెరవకముందే మా అమ్మ స్టవ్ మంట తగ్గించి "ఎవలు?" అనేది.

గోదావరిఖనిలో మా సంఘంవాళ్లంతా గని కార్మికులు, లేదంటే వాళ్ల పిల్లలు. గుంత తవ్వడానికి కూలీలను పిలవడం మాలో నామోషీ. ఎవరింట్లో చావు జరిగినా తెలిసినవాళ్లే పారలు పట్టుకుని ముందు వెళ్లిపోయేవారు. ఎండాకాలంలో మా సమాధుల తోట నేల మీద గడ్డపార వేస్తే గంట కొట్టినట్టు మోగుతుంది. పైన ఎర్ర మొరం, దాని కింద ఇసుకరాతి పొర. అక్కడ కామ, అంటే పనిముట్టుకు బిగించే కట్టె పిడి, సరిగా లేకపోతే కాసేపటికే అరచేతులు చిట్లుతాయి.

అందుకే ప్రతి భూస్థాపన తర్వాత బాపు, అంటే మా నాన్న, పనిముట్లను ఇంటికి తెచ్చేవాడు. ఇనుమును ఒకసారి తుడిచి వదిలేసేవాడు. ఆయన ధ్యాసంతా కట్టె మీదే. తడిగుడ్డతో మట్టి తీసి నీడకు ఆరబెట్టేవాడు. తడికి కట్టె పోగులు పైకి లేస్తాయి. ఆరాక పగిలిన సీసా పెంకుతో తనవైపు గీకేవాడు. పెంకు అంచు కింద లేత పొరలు చుట్టలు చుట్టుకుని రాలేవి. ఆ తర్వాత గరుకు కాయితం, మళ్లీ తడిగుడ్డ, మళ్లీ పెంకు. కళ్లు మూసుకుని అరచేతిని పైనుంచి కిందిదాకా నడిపేవాడు. చెయ్యి ఎక్కడా ఆగకపోతే అప్పుడు అవిసె నూనె. అది గుడ్డతో పూసేది కాదు. అరచేత్తోనే, చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి. కామ వదులైతే చాలామంది బకెట్ నీళ్లలో నానబెడతారు, ఉబ్బి బిగుస్తుందని. బాపు దానికి ఒప్పుకునేవాడు కాదు. నీళ్లకు ఉబ్బిన కట్టె ఆరాక ముందుకంటే వదులవుతుంది. చీల కొట్టి, ఆ చివరను నూనె డబ్బాలో నిలబెట్టేవాడు.

"గుంత తవ్వే కట్టెకు గింత నున్నగ ఎందుకు బాపూ?" అని ఒకసారి అడిగాను.

"ఏడ్సుకుంట పట్టుకుంటరు రా దాన్ని" అన్నాడు. "బిడ్డ పోయినోడు సుత నాలుగు పారల మట్టి ఎయ్యాలె గద. ఆని చేతికి ముల్లు గుచ్చుకునుడు ఎందుకు?"

చెమ్మస్ మీద ఆయనకు ఇంకొంచెం ఎక్కువ పట్టింపు. ఆయన ఉద్యోగం చాలావరకు ఫిల్లర్‌గానే గడిచింది. బ్లాస్టింగ్ అయ్యాక కూలిన బొగ్గును ఎత్తి టబ్బుల్లో నింపడం ఫిల్లర్ల పని. ఇద్దరిద్దరు జోడీగా చేస్తారు. బాపు జోడీదారును నేను కాక అని పిలిచేవాణ్ని. రక్తసంబంధం లేదు. ఒకే క్వార్టర్ల వరుస, ఒకే సంఘం, ఒకే షిఫ్టు. కాకది ఎడమచేతి వాటం. ఇరుకు చోట ఒక కుడిచేతివాడు, ఒక ఎడమచేతివాడు ఒకే కుప్ప ముందు నిలబడితే కామలు ఒకదానికొకటి తగలవు. ఆ కారణంగానే కావచ్చు, వాళ్లను ఎవరూ విడదీయలేదు.

ఫిల్లర్లకు ఒక పద్ధతి ఉండేది. గనిలో చెమ్మస్‌తో పాటు కామ కూడా ఇచ్చేవారు గానీ, దాన్ని ఎవరూ వాడేవారు కాదు. ఎవరి కామ వాళ్లు చేసుకునేవారు. కాక తన కట్టెను మంథని అవతల, తన భార్య, మా చిన్నమ్మ, పుట్టినూరి అడవి నుంచి తెచ్చుకున్నాడు. చిరుమాను కట్టె. చేతులు పడే రెండు చోట్లా ఏళ్ల తరబడి అరిగి, గుంటలు పడి, బొగ్గు పొడి చెమటతో కలిసి లోపలికి ఇంకి, నల్లగా నిగనిగలాడేది. "చెమ్మస్ కంపెనీది, కామ మనది" అనేవారు. ఒకరి కామను ఇంకొకరు అడగకుండా ముట్టుకుంటే పెద్ద గొడవే అయ్యేది.

తర్వాత గనుల్లోకి బొగ్గు ఎత్తే యంత్రాలు దిగాయి. ఫిల్లర్లను వేరే పనులకు మార్చారు. చెమ్మస్‌లు స్టోర్‌లో అప్పజెప్పమన్నారు. అందరూ కామలు ఊడగొట్టుకుని, ఇనుము అక్కడ వేసి, కట్టెలు భుజాన పెట్టుకుని ఇళ్లకు వచ్చారు. నేను అప్పటికే ఒక దినపత్రికకు వార్తలు రాస్తున్నాను. యంత్రాలు వచ్చిన సంగతి రాశాను. కట్టెలు పట్టుకుని గేటు దాటిన మనుషుల గురించి రాయడానికి అందులో వార్త ఏముందని డెస్క్‌లో అడిగారు.

ఆ కామలు కొన్ని ఇళ్లలో దండేలకు ఊతకర్రలయ్యాయి, కొన్నిచోట్ల తలుపు గడియలయ్యాయి. బాపు తనదాన్ని చర్చి చెమ్మస్‌కు బిగించాడు. కాక మాత్రం తనదాన్ని మంచం పక్కన పెట్టుకున్నాడు. రిటైరయ్యాక ఊపిరి తగ్గి, నాలుగడుగులకు ఒకసారి నిలబడాల్సి వచ్చినప్పుడు అదే చేతికర్ర అయింది. చివర రబ్బరు ముక్క తొడిగి, ఎడమచేత్తో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీదున్న ఆ ఏడాది, చలికాలంలో ఒక భూస్థాపన జరిగింది. అది కాగానే బాపు బెల్లంపల్లిలో మా అక్క ఇంటికి వెళ్లి, అక్కడే జ్వరంతో మంచం పట్టి, ఎండలు ముదిరాక గానీ రాలేదు. పనిముట్లు మట్టితోనే గదిలో ఉండిపోయాయి. ఈస్టర్‌కు ముందురోజు మా సంఘం యవ్వనస్తులు సమాధులకు సున్నం వేస్తారు, సిలువలకు వెండి రంగు పూస్తారు. ఆ ఏడు రంగు మిగిలింది. పనిముట్లు మట్టికొట్టుకుని కనిపిస్తే పాపం వాటినీ కడిగి, తడి ఆరకముందే కామలన్నిటికీ అదే వెండి రంగు వేశారు.

బాపు వచ్చి తలుపు తీస్తే, చీకటి గదిలో కామలన్నీ సమాధుల మీది సిలువల్లాగే మెరుస్తున్నాయి.

యవ్వనస్తుల నాయకుడు మా వెనకే నిలబడ్డాడు. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే నేలను పైనుంచే తవ్వే ఓసీ గనిలో, కాంట్రాక్టు డ్యూటీ చేసేవాడు. "మంచిగ కొడ్తున్నయ్ గద పెద్దనాయనా" అన్నాడు.

"కొడ్తున్నయ్. చెమట చేతులతోని పట్టుకొని చూసినవా?"

"ఇగ వీటిని ఎవలు పడ్తరు? ఫోన్ చేస్తె బకెట్ మిషిని వస్తది. జల్ది అయిపోతది. ఉత్తగ ఉన్నయ్ గదా అని ఏసినం."

"ఉత్తగ ఉండనియ్యక పోతిరి" అని మాత్రం అన్నాడు బాపు. కోప్పడలేదు. కామలన్నీ మోసుకుని ఇంటికి తెచ్చాం.

రంగు గీకడం కట్టె గీకినట్టు కాదు. పెంకు జారుతుంది. వచ్చిన పొడి తేలిగ్గా లేచి బాపు కనుబొమల మీద, ఛాతీ వెంట్రుకల మీద మెరిసేది. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నా దగ్గు ఆగేది కాదు. అమ్మ వద్దని తిట్టేది. ఆయన కాసేపు ఆగి మళ్లీ కూర్చునేవాడు. పారలు, గుద్దలి కామలు దక్కాయి. చెమ్మస్ కామ దగ్గర పెంకు ఆగిపోయింది. రంగు కింద లప్పం. చలికాలం తవ్వకంలో పడిన పగులు చూసి, పిల్లలు దాన్ని లప్పంతో నింపి పైన రంగు వేశారు. లోపల తడి అలాగే ఉండి కట్టె మెత్తబడిపోయింది. బాపు దాన్ని మోకాలికి ఆనించి కొంచెం వంచాడు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. గనిలో ఆయన చేతిలో ఉన్న కామ అది. రెండు ముక్కలను ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు రంగు పొడి తుడుచుకోకుండా కూర్చున్నాడు.

దగ్గుతూ కూడా ఆయన అంత తొందరపడడానికి కారణం ఉంది. కాకను దవాఖాన నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇక చేసేదేమీ లేదని మాకు అర్థమైంది. కాకకూ అర్థమైంది. చావు గురించి ఆయన భయపడినట్టు కనిపించలేదు. ఆయన ఫికరంతా గుంత గురించే. ఉద్యోగం చివరి రోజుల్లో ఓపెన్‌కాస్ట్‌లో పనిచేశాడు. ఆయన పుట్టిన ఊరు ఆ ఓపెన్‌కాస్ట్ కింద పోయింది. ఊరు ముందే ఖాళీ చేశారు, ఇళ్లు వేరేచోట కట్టుకున్నారు.

"మా అవ్వను పెట్టిన జాగ ఏడుందో సూపియ్యరాదు కొడుకా" అన్నాడు నాతో. "నేల ఉంటె గద సూపిచ్చుడు. ఆడ గాలే ఉన్నది." ఊపిరి కూడదీసుకుని మళ్లీ అన్నాడు: "ఓసీ గోడకు బకెట్ పండ్ల గాట్లుంటయ్, సూసినవా? గీరినట్టు. గసొంటి గోడల నడుమ నాకు పండబుద్ధి గాదు. మీ బాపుకు చెప్పిన. చేతులతోనే తవ్వియ్యాలె."

బాపు బజారు నుంచి కొత్త కట్టె తెచ్చి దూలానికి కట్టాడు. పచ్చి కట్టె. ఆరకుండా బిగిస్తే మెలితిరుగుతుంది. రోజూ దాన్ని తట్టి చూసి, కాక దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు.

"ఎండిందా అన్నా?" అని అడిగేవాడు కాక.

"ఏడ ఎండుతది. వానలు పడేదాంక ఆగాలె."

"అందాక నన్ను సుత ఆగుమంటవా ఏంది?"

"ఆగితె ఏం పోతది? డ్యూటీకి ఏనాడన్న టైముకు వచ్చినవా నువ్వు?"

కాక నవ్వబోయాడు. అది దగ్గయింది. చిన్నమ్మ వచ్చి వీపు రాసింది. దగ్గు తగ్గాక ఆయన గోడకు ఆనించి ఉన్న కర్రవైపు కళ్లతోనే చూపించాడు. "నాది పెట్టు" అన్నాడు. "అది ఎప్పుడో ఎండింది."

బాపు ఏమీ అనకముందే చిన్నమ్మ వెళ్లి కర్రను చేతిలోకి తీసుకుంది. "దీని మీద కన్నెయ్యకు బావా. రేపు లేసి వాకిట్లకు పోవాలంటె ఏం పట్టుకుంటడు?"

"నీ భుజం పట్టుకుంట" అన్నాడు కాక.

"పెండ్లైన కాడికెల్లి పట్టుకుంటనే ఉన్నవ్. అరిగింది."

ఆమె దాన్ని వంటగదిలోకి తీసుకుపోయింది. బియ్యం డబ్బా వెనక పెట్టిన చప్పుడు మాకు వినిపించింది. బాపు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఒకరి కామ అడిగి గుంజుకునేది కాదు.

రెండు మూడు రోజులకు కాకే నూనె అడిగాడు. కర్ర పొడిబారింది, రుద్దుకుంటానన్నాడు. నూనె అనగానే చిన్నమ్మ ముఖం తేటపడింది. కర్ర తెచ్చి ఆయన ఛాతీ మీద అడ్డంగా పెట్టింది. "రుద్దు, రుద్దు. చేతులకు జర బలమొస్తది. లేసినంక నున్నగుంటది" అంది. కాక పడుకునే, ఎడమచేత్తో, పై గుంట నుంచి కింది గుంటదాకా రుద్దేవాడు. ఆయన ఎందుకు రుద్దుతున్నాడో బాపుకు తెలుసు. ఆమె ఎందుకు రుద్దనిస్తోందో కూడా తెలుసు. గిన్నెలో నూనె తగ్గితే మళ్లీ పోసేవాడు. నేను వార్తలు పంపి అటుగా వెళ్లినప్పుడల్లా ఆ గదిలో అవిసె నూనె వాసన, మందుల వాసన కలిసి ఉండేవి.

ఎండలు మండిపోతున్న ఒక పొద్దున కాక పోయాడు. ఆ రోజు తాళంచెవి కోసం ఎవరూ మా గుమ్మంలోకి రాలేదు. బాపే మేకు మీంచి తీసుకున్నాడు.

చేసేది లేక చెమ్మస్‌కు పచ్చి కామే బిగించాడు. పాత ఫిల్లర్లు కొందరు, యవ్వనస్తులు కొందరు వచ్చారు. సంఘ పెద్ద ఒకాయన ముందుజాగ్రత్తగా మిషిన్‌ను కూడా పిలిపించాడు. అది సమాధుల తోట గేటు బయట ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. గుంత మోకాళ్లలోతు దాకా పారలతో బాగానే సాగింది. నడుముల్లోతుకు వచ్చాక మట్టి పైకి విసరాలంటే చెమ్మస్ కావాలి. నాలుగు ఎత్తులు ఎత్తారో లేదో పచ్చి కామ మెలితిరిగి ఇనుము అటూ ఇటూ తిరగడం మొదలైంది. చీలలు కొట్టినా ఆగలేదు.

"అన్నా, ఎండ చూడు" అన్నాడు సంఘ పెద్ద. మంచి మనిషే, మెల్లగానే అన్నాడు. "ఇంట్ల శవం ఆగది. మిగిలింది మిషినితోని తీపిద్దాం."

బాపు గుంత ఒడ్డున కూర్చుని ఉన్నాడు. దిగే ఊపిరి ఆయనకు లేదు. నన్ను పిలిచాడు. "పోయి మీ చిన్నమ్మను అడుగు. గుంజుకొని రాకు. అడుగు."

నేను బండి మీద వెళ్లాను. ఆమె కాక తల దగ్గర కూర్చుని ఉంది. కర్ర ఆయన ఎడమచేతి పక్కన, దుప్పటి మీద పెట్టి ఉంది. చుట్టూ ఆడవాళ్లు పాట పాడుతున్నారు. అడగడం నా వృత్తి. చావు జరిగిన ఇళ్లలో ఎన్నోసార్లు అడిగాను, ఎలా జరిగింది, ఎంతమంది పిల్లలు అని. ఆ గుమ్మంలో మాత్రం నోరు రాలేదు. ఆమె నా కాళ్లకు అంటిన ఎర్రమట్టి చూసింది.

"ఎంతదాంక పోయింది?" అంది.

"నడుముదాంక, చిన్నమ్మా."

"మిషిని వచ్చిందా?"

"గేటు కాడ ఉన్నది."

ఆమె కర్ర తీసి, చివర ఉన్న రబ్బరు ముక్కను తానే లాగేసింది. కొంగుతో ఒకసారి పైనుంచి కిందికి తుడిచింది. "మళ్ల తెచ్చి నాకియ్యి" అంది. "చెమ్మస్ సంఘానిది. కామ మాది."

రబ్బరు కింద దాగిన చివర చెమ్మస్ గొట్టంలోకి, నిన్ననే ఊడదీసినట్టు దిగింది. బాపు ఒక్క చీల కొట్టాడు. గుంతలో ఉన్నవాళ్లకు అది ముందు చేతికి కుదరలేదు. గుంటలన్నీ ఎడమచేతివాటానికి అరిగి ఉన్నాయి. అప్పుడు బాపు దిగాడు. వద్దన్నా వినలేదు. పక్కనుండి జీవితమంతా చూసిన కామ అది. తన కుడిచేతి వాటం మార్చుకుని, కాక నిలబడినట్టే నిలబడి, ఎడమవైపుకు ఎత్తిపోశాడు. కొన్ని ఎత్తులే. తర్వాత గోడకు ఆనుకుని నోరు తెరిచి ఊపిరి తీసుకున్నాడు. మిగిలినవాళ్లు చూసి, అలాగే చేతులు మార్చుకుని పట్టుకున్నారు. రాతి పొర దగ్గర చాలా పొద్దు పోయింది. చివరికి నాలుగు గోడలూ సాపుగా దిగాయి. మిషిన్ ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం ఎవరూ సంతోషంగా లేరు. ఆలస్యమైందని బంధువులు సణిగారు. పిల్లల చేతులు బొబ్బలెక్కాయి. బాపు దగ్గు ఆ రోజు నుంచి మళ్లీ తగ్గలేదు. అయినా కామ ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి, నీడకు ఆరబెట్టి, పెంకుతో గీకి, నూనె పట్టించి, రబ్బరు ముక్క తొడిగి, నా చేతికిచ్చి పంపాడు. చిన్నమ్మ అందుకుని నేల మీద ఆనించి చూసింది. ఆమె ఎత్తుకు కొంచెం పెద్దదైంది. కోయించుకోమంటే వద్దంది. ఆమె దానితోనే నడిచేది, కుడిచేత్తో, గుంటలు కుదరకుండానే.

రాష్ట్రం వచ్చిన ఎండాకాలం బాపు పోయాడు. చౌరస్తాలో జనం చల్లుకున్న గులాల్ ఇంకా రోడ్డు మీద గులాబీ రంగులో ఉంది. అప్పటికి చర్చి కొత్తగా కట్టడం కోసం వెనక గది తీసేశారు. పనిముట్లు ఎటు పోయాయో తెలియదు. తాళంచెవి మేకుకే ఉంది. పాత ఫిల్లర్లలో దిగి తవ్వగలిగినవాళ్లు మిగలలేదు. పాత తోట నిండిపోయి, కొత్త స్థలం ఇచ్చారు. మేం శవాన్ని తీసుకుని వెళ్లేసరికే మిషిన్ గుంత తవ్వేసి ఒక పక్కన ఆగి ఉంది.

గోడల మీద బకెట్ పళ్ల గాట్లు పైనుంచి కిందిదాకా ఉన్నాయి. కాక చెప్పినట్టే, గీరినట్టు.

ప్రార్థన మొదలయ్యాక చిన్నమ్మ ఆటో దిగి, కర్ర ఊతంతో వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె అంచుదాకా వచ్చి లోపలికి చూసింది. కర్ర చివర రబ్బరు ముక్క లేదు. అవిసె నూనె వాసన వచ్చింది.

"ఎవలన్న అడుగుతరేమో అని తెచ్చిన" అంది నాతో, పాట మధ్యలో, మెల్లగా.